అంబాసిడర్‌లో డీజిల్ ఇంజన్: ఆదా ఎక్కడినుంచి వచ్చింది, ఎటు పోయింది

పోయిన ఆదివారం పొద్దున్నే మా వీధి కుర్రాడొకడు వాళ్ళ తాతగారి అంబాసిడర్ వేసుకుని కళ్ళం దగ్గరికి వచ్చాడు. తొంభైల నాటి డీజిల్ బండి. పెద్దాయన పోయాక రెండేళ్ళు చావిట్లో వరిగడ్డి పక్కన పడి ఉంది. ఇప్పుడు వీడు దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాడు.

"బాబాయ్, లీటరుకి పది కూడా రావట్లేదు. పాత ఇంజన్ పీకేసి కొత్తరకం డీజిల్ ఇంజన్, గేర్ బాక్సుతో సహా పెడతామన్నారు. లక్షా ఇరవై వేలు. పదహారు గ్యారంటీగా ఇస్తుందంట. పెట్టించమంటావా?" అన్నాడు.

మిర్చి అమ్మిన డబ్బులు ఉన్నాయి వాడి చేతిలో. చేతిలో డబ్బు ఉన్నప్పుడు మనకు ఖర్చు దారులే కనిపిస్తాయి కదా. నేను వెంటనే ఏమీ చెప్పలేదు. రెండు రోజులు ఆగరా, రాసి పెడతాను, నువ్వూ చదువు, మిగతావాళ్ళూ చదువుతారు అన్నాను. ఎందుకంటే కారులో ఇంజన్ మార్చి డీజిల్ ఆదా చేద్దామన్న ఆలోచన వీడితో మొదలైంది కాదు. దానికి తొంభై ఏళ్ళు పైబడ్డ చరిత్ర ఉంది. అందులో ఎవరికి నిజంగా మిగిలింది, ఎందుకు మిగిలింది అన్నది చూస్తే వీడి ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది.

ముందు డీజిల్ సంగతి. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే వేడిగా ఉంటుంది, గమనించే ఉంటారు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇంకా గట్టిగా, పద్దెనిమిది ఇరవై వంతులకు ఒక వంతుగా నొక్కితే, ఆ వేడికి నూనె దానంతట అదే అంటుకుంటుంది. ప్లగ్గు అక్కర్లేదు. ఈ పద్ధతికి రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1893లో పేటెంటు పొందాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో ఆయన ఇంజన్‌ని పరీక్షిస్తే, నూనెలో ఉన్న శక్తిలో నాలుగో వంతు పైగా, ఇరవై ఆరు శాతం దాకా, పనిగా మారింది. ఆ రోజుల్లో ఊళ్ళు ఏలుతున్న ఆవిరి ఇంజన్లకి పది శాతం వస్తే గొప్ప. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపించారు కూడా. అనంతపురం మిత్రులు ఉప్పొంగిపోకండి, అది చిక్కటి నూనె, మన నాజిళ్ళలో పోస్తే నాలుగు రోజుల్లో మసి గడ్డకట్టి కూర్చుంటుంది.

డీజిల్ ఆదా చేయడానికి కారణాలు మూడు. గాలిని ఎక్కువ నొక్కడం వల్ల అదే నూనెలోంచి ఎక్కువ పని పిండుకుంటుంది, ఇది మొదటిది. రెండోది చాలామందికి తెలియదు. పెట్రోల్ ఇంజన్ నెమ్మదిగా పోవాలంటే గాలి దారిని సగం మూసేస్తారు. అంటే ముక్కు మూసుకుని పరిగెత్తినట్టు, గాలి పీల్చుకోడానికే సగం ఆయాసం. డీజిల్‌లో గాలి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నూనె మాత్రం పంపు తగ్గిస్తుంది. అందుకే ఊళ్ళో తిరిగే, ఆగి ఆగి పోయే బండికి డీజిల్ ఆదా ఇంకా బాగా తెలుస్తుంది. మూడోది, లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోల్ కంటే పది శాతం పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. బరువైన నూనె కదా.

మరి అంత మంచిదైతే కారులోకి రావడానికి నలభై ఏళ్ళు ఎందుకు పట్టింది? ఆ మొదటి ఇంజన్ మూడు మీటర్ల ఎత్తు. ఇరవై హార్స్ పవర్. నూనెని లోపలికి ఊదడానికే వేరే గాలి కంప్రెసర్ కావాలి. ఓడల్లో, మిల్లుల్లో పెట్టుకోవచ్చు గానీ కారులో ఎక్కడ పెడతారు? నూనెని చిన్న పంపుతో, కొలత తప్పకుండా, సన్నటి జల్లుగా కొట్టగలిగిన రోజునే డీజిల్ రోడ్డెక్కింది. బాష్ కంపెనీ 1927లో అలాంటి పంపుల్ని పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఈ రోజుకీ మన ట్రాక్టర్ల పక్కన వేలాడే పంపు దాని మనవడే.

ఇప్పుడు అసలు కథలోకి వస్తా. ఇంజన్ మార్చి ఆదా చూపించినవాళ్ళలో అందరికంటే పేరు పొందినవాడు అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో పుట్టిన ఒక రైతుబిడ్డ. పేరు క్లెసీ కమిన్స్. పెద్ద చదువు లేదు. కొలంబస్ అనే ఊళ్ళో ఒక బ్యాంకరు ఇంట్లో కారు డ్రైవరు, మెకానిక్కు. ఆ బ్యాంకరు అర్విన్ గారే పెట్టుబడి పెట్టగా 1919లో డీజిల్ ఇంజన్ల కంపెనీ మొదలుపెట్టాడు. మొదటి దెబ్బ తగిలింది రైతుల చేతుల్లోనే. సియర్స్ అనే పెద్ద దుకాణం ద్వారా పొలం పనులకి చిన్న ఇంజన్లు అమ్మారు, నచ్చకపోతే డబ్బు వాపసు అన్న షరతుతో. కొంతమంది రైతులు సీజన్ అంతా వాడుకుని, పని అయిపోయాక నచ్చలేదని తిప్పి పంపేశారు! ఇంజన్లలో లోపాలూ ఉన్నాయనుకోండి. మొత్తానికి కమిన్స్ నిండా మునిగినంత పనైంది. రైతులు ఎక్కడైనా రైతులే, నవ్వుకోండి.

పదేళ్ళు గడిచినా కంపెనీ లాభం చూడలేదు. పైగా 1929 చివర్లో అమెరికాలో షేర్ల మార్కెట్ కుప్పకూలింది. అర్విన్ గారు ఇక డబ్బు పెట్టలేనని చెప్పే రోజు దగ్గరపడింది. అప్పుడు కమిన్స్ ఒక పాత ప్యాకార్డ్ కారు కొన్నాడు. దాని పెట్రోల్ ఇంజన్ తీసేసి, పడవల కోసం చేసిన నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ని అందులో ఇరికించాడు. సరిగ్గా క్రిస్మస్ రోజున ముసలాయన్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. అర్విన్ గారు మనసు మార్చుకున్నారు.

తర్వాత 1930 జనవరిలో అదే కారులో ఇండియానాపోలిస్ నుంచి న్యూయార్క్ దాకా వెళ్ళాడు. 792 మైళ్ళు, అంటే దాదాపు 1,275 కిలోమీటర్లు. తాగిన నూనె 30 గ్యాలన్లు, మన లెక్కలో 113 లీటర్ల పైచిలుకు. లీటరుకి పదకొండు కిలోమీటర్లు పడింది. అంత బరువు కారు, పడవ ఇంజన్! ఖర్చు 1 డాలరు 38 సెంట్లు. ఆ లెక్క పత్రికల్లోకి ఎక్కింది. మరుసటి ఏడాది, 1931లో, ఇండియానాపోలిస్ 500 మైళ్ళ పందెంలో ఆయన డీజిల్ కారు నూనె కోసం ఒక్కసారి కూడా ఆగకుండా పందెం మొత్తం పూర్తి చేసింది. గెలవలేదు, పదమూడో స్థానం. కానీ ఆగకుండా చివరిదాకా పోవడం ఆ పందెంలో అదే మొదటిసారి. ఆ కంపెనీయే 1962లో పుణెలో కిర్లోస్కర్ వాళ్ళతో కలిసి మన దేశానికి వచ్చింది.

ఈ కథ చదివి ఇంజన్ మార్పు మహత్యం అనుకుని ఆగిపోకండి. ఆ 1 డాలరు 38 సెంట్లని 30 గ్యాలన్లతో భాగిస్తే గ్యాలన్ నాలుగున్నర సెంట్లు పడింది. అదే సమయంలో అక్కడ పెట్రోల్ దానికి మూడు నాలుగు రెట్లు ఉండేది. అంటే అందరూ నోరెళ్ళబెట్టిన ఆ ఆదాలో ఇంజన్ చేసింది కొంత, నూనె చవకగా ఉండడం వల్ల వచ్చింది ఇంకా ఎక్కువ. ఈ రెండింటినీ విడదీసి చూడడం గుర్తుపెట్టుకోండి, తర్వాత కథ అంతా దీని మీదే ఉంది.

ఫ్యాక్టరీలోనే డీజిల్ ఇంజన్‌తో తయారై మార్కెట్లోకి వచ్చిన తొలి కార్లలో పేరున్నది 1936లో జర్మనీలో వచ్చిన మెర్సిడెస్ 260 డి. అదే సైజు పెట్రోల్ కారు వంద కిలోమీటర్లకి 13 లీటర్లు తాగుతుంటే ఇది తొమ్మిదిన్నరతో పోయేది. ఎవరు కొన్నారనుకున్నారు? ధనవంతులు కాదు, టాక్సీవాళ్ళు. రోజంతా తిరిగేవాడికే ఆ తేడా జేబులో కనిపిస్తుంది. రోజుకి రెండొందల కిలోమీటర్లు తిరిగేవాడి లెక్క వేరు, వారానికోసారి యార్డుకి, పెళ్ళికి పోయేవాడి లెక్క వేరు.

మన దేశానికి వస్తే, అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో పోసిన బండి. బెంగాల్లో ఉత్తరపాడా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా చేశారు. ఇరవై ఏళ్ళు అంతా పెట్రోలే. 1973లో అరబ్ దేశాలు నూనె ఎగుమతి బిగించేసరికి క్రూడ్ ధర కొద్ది నెలల్లో నాలుగు రెట్లయింది. 1979లో ఇరాన్ గొడవతో మళ్ళీ ఇంకో ఎగురు. మన ప్రభుత్వం అప్పుడు ఏం చేసిందంటే, పెట్రోల్ ఉన్నవాళ్ళ సరుకు అని దాని మీద పన్నులు మోపింది. డీజిల్ లారీలకీ, బస్సులకీ, రైళ్ళకీ, రైతు ఇంజన్లకీ కావాలి కాబట్టి దాన్ని తక్కువలో ఉంచింది. ఎనభైలు, తొంభైల్లో చాలా కాలం పెట్రోల్ ధరలో సగానికి అటూ ఇటూగా డీజిల్ దొరికేది. పెద్దవాళ్ళని అడగండి, చెబుతారు.

ఆ తేడాయే ఊరూరా కార్లలోకి డీజిల్ ఇంజన్లని తెచ్చింది.

1980 ప్రాంతంలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే డీజిల్ అంబాసిడర్ వదిలారు. మన దేశంలో తయారైన మొదటి డీజిల్ కారు అదే. ఇంజన్ 1489 సీసీ, ఇంగ్లండు బీఎంసీ వాళ్ళ డిజైను. శక్తి 37 హార్స్ పవర్. పదకొండు పన్నెండు క్వింటాళ్ళ బండికి అది ఇప్పటి మామూలు ట్రాక్టర్ పాటి శక్తి. ట్రాక్టర్ అని ఊరికే అనలేదు. అదే కుటుంబం ఇంజన్‌ని ఇంగ్లండులో చిన్న ట్రాక్టర్లలో కూడా పెట్టారు. ఆ డీజిల్ అంబాసిడర్ ఎక్కినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చలికాలం పొద్దున తాళం తిప్పి, హీటర్ వేడెక్కేదాకా ఆగి, అప్పుడు స్టార్టు చేయాలి. చేసినాక కారంతా ఒణుకు. ఘాట్ రోడ్డు ఎక్కాలంటే వెనకాల బస్సువాడు హారన్ కొడుతూనే ఉంటాడు. అయినా జనం ఎగబడి కొన్నారు. ఎందుకంటే కిలోమీటరుకి అయ్యే ఖర్చు పెట్రోల్ బండిలో సగం కూడా లేదు.

జీపుల్లో కూడా ఇదే దారి. మహీంద్రా వాళ్ళ పాత విల్లీస్ జీపులు పెట్రోల్‌వి, తాగుబోతులు. తర్వాత అదే కంపెనీ తన బి-275 ట్రాక్టర్ ఇంజన్ వంశంలోంచి వచ్చిన డీజిల్ ఇంజన్ జీపులో పెట్టింది, ఇంకొన్నిటిలో ఫ్రాన్సువాళ్ళ ప్యూజో డీజిల్ ఇంజన్. అంటే మనం చేలో దున్నిన ఇంజన్, రోడ్డు మీద సర్పంచి గారి జీపులో కూడా అరిచిందన్నమాట.

కంపెనీలు కొత్త బండ్లకి చేసిన పనిని పాత బండ్లకి మెకానిక్కులు చేశారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పెట్రోల్ అంబాసిడర్ వదిలి వెళ్తే డీజిల్ అంబాసిడర్‌గా తిరిగొచ్చేది. మటడార్ వ్యాన్ ఇంజన్ పెట్టడం బాగా పేరు. ఆ ఇంజన్ మూలం మెర్సిడెస్ వాళ్ళ డిజైను, మొండిది, గట్టిది. ముందు స్ప్రింగులు బలంగా వేయాలి, మౌంటింగులు కొత్తగా కోసి అతకాలి, రేడియేటర్ పెద్దది కావాలి, క్లచ్చు, గేర్ బాక్సు కుదరాలి. ఈ పని చేసిన మేస్త్రీలలో చాలామంది పుస్తకం ముట్టినవాళ్ళు కాదు. అయినా ఇంజన్‌ని గొలుసుకి వేలాడదీసి, కంటితోనే కొలత పట్టేవాళ్ళు. వాళ్ళ పనితనానికి దణ్ణం పెట్టాల్సిందే. ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో ఇంధనం డీజిల్ అని రాయించుకునేవాళ్ళు. ఒక్కోసారి రాయించుకోని వాళ్ళూ ఉండేవాళ్ళనుకోండి.

అది గిట్టుబాటయిందా అంటే, అప్పట్లో బ్రహ్మాండంగా అయింది. మాటకి లెక్క వేద్దాం. పెట్రోల్ పది రూపాయలు, డీజిల్ అయిదు అనుకోండి. పెట్రోల్ అంబాసిడర్ లీటరుకి తొమ్మిది ఇస్తే కిలోమీటరుకి రూపాయి పది పైసలు. డీజిల్ ఇంజన్ పెట్టి పదమూడు వస్తే కిలోమీటరుకి ముప్పై ఎనిమిది పైసలు. మూడింట రెండొంతులు మిగులు! అందులో ఇంజన్ గొప్పతనం ఎంతో చూడండి. రెండిటి ధరా ఒకటే అయివుంటే మిగులు మూడింట ఒక వంతు మాత్రమే. మిగతా వంతు ఢిల్లీలో పన్నులు వేసినవాళ్ళు ఇచ్చింది. కిరాయికి తిప్పేవాడికి ఇంజన్ మార్చిన ఖర్చు ఏడాది రెండేళ్ళలో చేతికొచ్చేది. అందుకే అన్ని బండ్లు మారాయి.

తర్వాత సంగతి గబగబా చెప్పేస్తా. 1998 చివర్లో టాటా ఇండికా వచ్చింది. చిన్న కారు ధరలో డీజిల్ కారు దొరికేసరికి ఇంజన్లు మార్చే పని తగ్గిపోయింది. ఆ తర్వాత కామన్ రైలు ఇంజన్లు. పాత నాజిల్ నూట పాతిక, నూట యాభై బార్ల ఒత్తిడికి తెరుచుకుంటే, వీటిలో పదిహేను వందల బార్ పైగా ఒత్తిడితో, కంప్యూటర్ చెప్పిన క్షణానికి నూనె జల్లు పడుతుంది. మైలేజీ ఒక్కసారిగా ఇరవై దాటింది. 2012 మేలో ఢిల్లీలో పెట్రోల్ 73 రూపాయలు దాటింది, డీజిల్ 41 దగ్గరే ఉంది. కొత్తగా కారు కొనేవాళ్ళంతా డీజిల్ మీద పడ్డారు.

అంతటితో ఆ ఆట ముగిసింది. 2013 జనవరి నుంచి డీజిల్ ధర నెలకి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయారు, 2014 అక్టోబరులో ధరల మీద ప్రభుత్వ పట్టు పూర్తిగా వదిలేశారు. ఇప్పుడు బంకులో రెండు బోర్డులూ పక్కపక్కనే ఉంటున్నాయి, తేడా పది పన్నెండు రూపాయలు. మన తాతల అంబాసిడర్లని నడిపించిన ఆదాలో పెద్ద వాటా అక్కడే ఆగిపోయింది. ఇంజన్ ఇచ్చే వాటా ఒక్కటే మనకి మిగిలింది.

ఇక మా కుర్రాడి లెక్క వేద్దాం. వాడి బండి ఇప్పుడే డీజిల్. కాబట్టి ధర తేడా మిగులు వాడికి ఒక్క పైసా రాదు. బండి ఆరోగ్యంగా ఉంటే ఆ పాత ఇంజన్‌కి పన్నెండు రావాలి. కొత్త ఇంజన్ పెడితే పదహారు అనే అనుకుందాం. డీజిల్ 97 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకి ఎనిమిది రూపాయల చిల్లర నుంచి ఆరు రూపాయల చిల్లరకి దిగుతుంది. మిగులు రెండు రూపాయలు. లక్షా ఇరవై వేలు చేతికి రావాలంటే అరవై వేల కిలోమీటర్లు తిరగాలి. వాడు ఏడాదికి అయిదు వేలు తిరిగితే ఎక్కువ. పన్నెండేళ్ళు! మధ్యలో కొత్త ఇంజన్ సెన్సారు ఒకటి పోతే ఆ వైరింగు తెలిసినవాడు మన మండలంలో ఉండడు.

చట్టం సంగతి కూడా మారింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ని 2000లో బిగించారు. తయారు చేసిన కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. గ్యాస్, బ్యాటరీ లాంటి ఆమోదం పొందిన కిట్లకి వేరే దారి ఉంది, అదే రకం ఇంజన్ పాడైతే అనుమతితో మార్చుకోవచ్చు. కానీ వేరే కంపెనీ ఇంజన్ తెచ్చి ఇరికించడం అంటే ఆ రోజులు పోయాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. మార్చిన బండికి ఏదైనా యాక్సిడెంటు జరిగితే ఇన్సూరెన్సువాడు మొదట చూసేది ఇంజన్ నంబరు, ఆర్సీ. అవి కలవకపోతే మన పొలం కాగితాలే బయటికి తీయాల్సి వస్తుంది. పెళ్ళాం బిడ్డల్ని ఎక్కించుకు తిరిగే బండి విషయంలో ఆ భయం చాలు నాకు.

ఇంజన్ మార్పు వద్దంటే వెంటనే వచ్చే ప్రశ్న, మరి ఆ అయస్కాంతాలు, ఆ పైపులకి కట్టే డబ్బాలు? ధర పెరిగిన ప్రతిసారీ ఇవి వానాకాలం పుట్టగొడుగుల్లా వస్తాయి. డెబ్బైల నుంచి అమెరికా పర్యావరణ సంస్థ వాళ్ళు ఇలాంటి పరికరాలు వందకి పైగా పరీక్షించారు. మైలేజీ గట్టిగా పెంచినది ఒక్కటీ దొరకలేదు. 1996లో తమిళనాడులో మూలికలతో పెట్రోల్ అన్నారు, దేశమంతా ఊగిపోయింది, చివరికి కోర్టులో మోసమని తేలి శిక్ష పడింది. మూడేళ్ళ కిందట ఒకతను ఊళ్ళోకి వచ్చి డీజిల్ పైపుకి బిగించే అయస్కాంతం మూడు వేలకి అమ్మాడు. సిగ్గుపడకుండా చెబుతున్నా, నేనూ ఒకటి కొన్నా. ట్యాంకు నిండా పోయించి, మళ్ళీ అదే బంకులో నిండా పోయించి, నాలుగు సార్లు లెక్క చూశా. వచ్చింది ఏమీ లేదు. ఇప్పుడు అది మా ఫ్రిజ్ తలుపు మీద కరెంటు బిల్లు పట్టుకుని ఉంది.

ఇంకో పాత తెలివి కిరసనాయిలు కలపడం. కిరసనాయిల్లో జిడ్డు తక్కువ. డీజిల్ పంపు లోపలి భాగాలకి ఆ డీజిలే కందెన. వంద లీటర్ల మీద మిగిలింది పంపు రిపేరులో రెట్టింపు పోయేది.

మరి ఆ బండికి పది కూడా ఎందుకు రావట్లేదు? వాణ్ణి తీసుకుని పాత డీజిల్ మేస్త్రీ ఒకాయన దగ్గరికి వెళ్ళాను. అరవై దాటినాయన. బానెట్ ఎత్తి మొదట తడిమింది రేడియేటర్ పైపు దగ్గర థర్మోస్టాట్ వాల్వ్ ఉండే చోటు. లేదు. ఎప్పుడో ఎండాకాలం బండి వేడెక్కిందని పీకి పారేశారు. మన ఊళ్ళలో ట్రాక్టర్లకీ ఇదే చేస్తాం, ఒప్పుకోండి. ఆ వాల్వు ఇంజన్‌ని ఎనభై డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి ఉంది. తీసేస్తే ఇంజన్ ఎప్పుడూ చల్లగానే పని చేస్తుంది. చల్లటి గోడలకి తగిలిన నూనె సరిగా కాలదు, బోరూ, రింగులూ తొందరగా అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్‌లో పేరుకున్న పాచి. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేశారు.

తర్వాత పంపు. ఎవరో పికప్పు కోసం నూనె స్క్రూ తిప్పేశారు. సీలు కూడా లేదు. గేర్ మార్చినప్పుడల్లా వెనక నల్లటి పొగ. ఆ పొగ అంటే కాలకుండా పోతున్న మన డీజిలే. నాలుగు నాజిళ్ళు టెస్టరు మీద పెడితే రెండు మంచు జల్లులా కొట్టాయి, రెండు కుళాయిలా కారాయి. ఎయిర్ ఫిల్టర్ సంగతి చెప్పక్కర్లేదు, రెండేళ్ళు గడ్డి పక్కన ఉన్న బండి. వెనక ఎడమ చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పితే తిరగలేదు, బ్రేకు పట్టేసి ఉంది. టైర్లలో గాలి ఉండాల్సినదాంట్లో మూడొంతులు. పైన తాతగారి కాలం నాటి క్యారియర్, దాని మీద ఏ సామానూ లేదు, ఊరికే గాలిని ఆపుతోంది. గాలి అడ్డు వేగాన్ని బట్టి రెట్టింపు కంటే ఎక్కువగా పెరుగుతుంది. అరవైలో పోయేవాడు ఎనభైకి పెంచితే గాలి దెబ్బ దాదాపు ఎనభై శాతం ఎక్కువవుతుంది. ముప్పై ఏడు గుర్రాల ఇంజన్‌ని ఎనభైలో తోలడం అంటే నాగలెద్దుని పందెంలో పరిగెత్తించడమే.

ఆ మేస్త్రీ ఒక మాటన్నాడు. ఈ బండికి కొత్తగా పెట్టాల్సిందేం లేదు బాబూ, ముప్పై ఏళ్ళలో ఒక్కొక్కడూ తీసేసినవి తిరిగి పెడితే చాలు అని. థర్మోస్టాట్ వాల్వ్ కొత్తది, రేడియేటర్ విప్పి శుభ్రం చేయించడం, రెండు నాజిళ్ళు కొత్తవి, రెండు సరిచేయించినవి, పంపు షాపులో పంపు కొలత పెట్టించడం, టైమింగు, వాల్వ్ క్లియరెన్సు, ఫిల్టర్లు, బ్రేకులు. అన్నీ కలిపి ఇరవై రెండు వేల దాకా అంచనా చెప్పాడు. పాత టైర్లు ఎలాగూ పగిలాయి, ఈసారి నైలాన్ కాకుండా రేడియల్ వేయించుకోమన్నాడు, అవి తేలిగ్గా దొర్లుతాయి.

వాడు ముందు కొంచెం నిరాశ పడ్డాడు. కొత్త ఇంజన్ పెట్టించానని నలుగురికీ చెప్పుకునే సరదా పోయింది కదా. తర్వాత తొంభై ఎనిమిది వేలు మిగిలాయని లెక్క చూసుకుని ఆ డబ్బుతో చేలో డ్రిప్పు పైపులు మార్పిద్దాం బాబాయ్ అన్నాడు.

పంపు షాపునుంచి పంపు గురువారం వస్తుంది. బిగించాక ట్యాంకు నిండా పోయించి మిర్చి యార్డుకి వెళ్ళి వచ్చి, మళ్ళీ అదే బంకులో నింపి, వచ్చిన అంకె ఎంతైనా సరే, తక్కువైనా సరే, ఇక్కడే రాస్తాను. మీలో ఎవరి చావిట్లోనైనా పాత డీజిల్ బండి ఉంటే, ఈలోపు బానెట్ ఎత్తి ఆ వాల్వు ఉందో లేదో ఒకసారి చూడండి.